గంటలలో తేలు రక్తపరీక్ష: మన వైద్యశాలల కర్తవ్యము

రోగి రక్తమున సూక్ష్మజీవులు ప్రవేశించి దేహమంతయు విషమించినప్పుడు వైద్యుని యెదుట రెండు ప్రశ్నలు నిలుచును. ప్రవేశించిన సూక్ష్మజీవి యేది? దానిని చంపగల మందేది? ఈ రెండింటికిని సమాధానము లభించుటకు నేటికిని పెక్కు వైద్యశాలలలో రెండు మూడు దినములు పట్టుచున్నది. రోగి ప్రాణమో దినముల లెక్కను ఆగునది కాదు; గంటల లెక్కను తరుగునది. ఈ యంతరమును తొలగింతుమని సూక్ష్మజీవుల జన్యుపదార్థమును పట్టి పరీక్షించు నూతన యంత్రములు వచ్చియున్నవి. ఒక గంటలోనో, నాలుగైదు గంటలలోనో సూక్ష్మజీవి పేరు తెలుపుదుమని వాని నిర్మాతలు చెప్పుచున్నారు. ప్రభుత్వ వైద్యశాలలకు వానిని తేవలెనా, తెచ్చినచో ఏ క్రమమున తేవలెను అను ప్రశ్న నేడు మన యెదుట నున్నది. ఈ పరీక్షలు మనకు కావలసినవే యనియు, కాని వానికంటె ముందు కావలసినవి మఱికొన్ని కలవనియు, ఆ ముందువానిని విడిచి యంత్రములను మాత్రము కొన్నచో ధనము వ్యయమగుటయే గాని ప్రాణములు నిలువవనియు మా యభిప్రాయము. అందులకు గల కారణములను మా పాఠకుల యెదుట నుంచుచున్నాము.

వైద్యులు సెప్సిస్ అని పిలుచు ఈ యాపదను గుఱించి సామాన్యజనులు ఎఱిగినది స్వల్పము. పుండు చీముపట్టినను, ఊపిరితిత్తులకు నెమ్ము చేసినను, మూత్రమార్గమున దోషము కలిగినను, ప్రేగు పగిలినను, ప్రసవానంతరము గర్భాశయమున విషము చేరినను, సూక్ష్మజీవులు రక్తములోనికి వ్యాపింపవచ్చును. అప్పుడు వానిని ఎదుర్కొనుటకు దేహము చేయు ప్రయత్నమే హద్దుమీఱి దేహమును చెఱుప నారంభించును. రక్తపుపోటు పడిపోవును, మూత్రపిండములు మొరాయించును, ఊపిరి భారమగును, తెలివి తప్పును. 2017వ సంవత్సరమున ప్రపంచమునందు 4 కోట్ల 89 లక్షలమందికి ఈ యాపద కలిగినదనియు, అందు 1 కోటి 10 లక్షలమంది మరణించిరనియు 2020లో ప్రకటింపబడిన గణనము తెలుపుచున్నది. అనగా ఆ సంవత్సరము ప్రపంచములో సంభవించిన ప్రతి యైదు మరణములలో నొకటి దీనితో సంబంధించినదే. ఆ 2017లోనే ప్రపంచ ఆరోగ్య మహాసభ సెప్సిస్‌ను అన్ని దేశములును ముఖ్యసమస్యగా గ్రహింపవలెనని తీర్మానించెను. మన యిండ్లలో "గుండె ఆగిపోయినది" అనియు, "కిడ్నీలు పోయినవి" అనియు చెప్పుకొను మరణములలో నెన్నిటికి మూలము రక్తమున ప్రవేశించిన విషమో లెక్క చూచువారు అరుదు.

ఇట్టి యాపదను కనుగొనుటకు నూఱేండ్లకు పైగా వైద్యులు ఆధారపడియున్న పరీక్ష బ్లడ్ కల్చర్. రోగి రక్తమును తీసి, పోషకద్రవము నింపిన బుడ్లలో వేసి, వెచ్చగా నుంచి, అందు సూక్ష్మజీవులు పెరుగునేమో చూచుట దాని పద్ధతి. నేడు బుడ్లను యంత్రములలో నుంచుచున్నారు. సూక్ష్మజీవులు పెరిగి బొగ్గుపులుసు వాయువును విడువగనే యంత్రము సూచన చేయును. అయినను విత్తనము మొలకెత్తుటకు కావలసిన కాలము కావలసినదే. సాధారణముగా ఈ సూచన వచ్చుటకే అర్ధదినమునుండి రెండు దినముల వఱకు పట్టును. ఆ పిమ్మట వర్ణము వేసి సూక్ష్మదర్శినిలో చూడవలెను, పళ్లెములలో మరల పెంచవలెను, పేరు నిర్ణయింపవలెను, ఏ మందునకు లొంగునో, ఏ మందునకు లొంగదో చూడవలెను. ఇందులకు మఱి యొకటి రెండు దినములు. పైగా పెద్దవారి రక్తమున ఒక మిల్లీలీటరునకు ఒక్క సూక్ష్మజీవి యుండుటయు కలదు. కావుననే ఒక్కొక్క బుడ్డికి 8 మొదలు 10 మిల్లీలీటర్ల రక్తము తీయవలెనని నియమము. రెండు మిల్లీలీటర్లు తీసి పంపి, "ఏమియు మొలవలేదు" అని వచ్చిన కాగితమును చూచి ధైర్యపడుట, చెఱువులో నొక చెంబెడు నీరు ముంచి చేపలు లేవనుట వంటిది.

రక్తమును మందు పడకముందే తీయుట యెంత యవసరమో 2019లో ప్రకటింపబడిన యొక పరిశోధన స్పష్టముగా చూపినది. తీవ్రమైన సెప్సిస్‌తో వచ్చిన రోగులకు యాంటిబయాటిక్ ఇచ్చుటకు ముందు రక్తము తీసినప్పుడు నూటికి 31 మంది కల్చరులో సూక్ష్మజీవి కనబడినది. అదే రోగులకు మందిచ్చిన పిమ్మట రెండు గంటలలోపల తీసినప్పుడు నూటికి 19 మందిలో మాత్రమే కనబడినది. మన ప్రాంతములలో రోగి జిల్లా ఆసుపత్రి చేరునప్పటికి మందుల దుకాణమునుండి తెచ్చిన మాత్రలు కొన్నియు, గ్రామమున వేసిన సూదులు కొన్నియు దేహమున పడియుండుట సాధారణము. అట్టి రోగి రక్తమున కల్చరు మొలవకున్న నాశ్చర్యమేమి?

ఇట్లు దారి తెలియని చీకటిలో వైద్యుడు ఏమి చేయగలడు? ఆగుటకు వీలులేదు. రక్తపుపోటు పడిపోయిన సెప్సిస్ రోగులకు మొదటి యాఱుగంటలలో సరియైన మందు ఒక్కొక్క గంట ఆలస్యమైన కొలది బ్రదుకు నవకాశము సగటున నూటికి 7.6 వంతున తగ్గినదని 2006లో ప్రకటితమైన పరిశోధనము చెప్పెను. అట్టి రోగులకు గుర్తించిన గంటలోపల మందు పడవలెనని 2021నాటి అంతర్జాతీయ నియమావళి విధించుచున్నది. కావున వైద్యుడు ఊహించి, అన్ని సూక్ష్మజీవులకును తగులునను ఆశతో, బలమైన మందులను రెండింటినో మూడింటినో ఒక్కసారిగ ప్రారంభించును. ఆ యూహ తప్పినచో రోగి మరణించును. ఊహ అవసరమునకు మించినదైనచో రోగి నేడు బ్రదికినను, కోలిస్టిన్ వంటి మందులవలన మూత్రపిండములు దెబ్బతినవచ్చును. ఖర్చు కుటుంబమును క్రుంగదీయును. ఆ మందులకు లొంగని సూక్ష్మజీవులు వార్డులో పెరిగి ప్రక్క మంచముమీది రోగిని పట్టుకొనును.

ఈ చివరి భయము ఊహామాత్రము కాదు. మందులకు లొంగని బాక్టీరియాల మూలముననే 2019లో ప్రపంచమున 12 లక్షల 70 వేలమందియు, మన దేశమున సుమారు 2 లక్షల 97 వేలమందియు మరణించిరని గణనములు తెలుపుచున్నవి. 2011 మొదలు 2014 వఱకు ఢిల్లీ నగరములోని మూడు పెద్ద వైద్యశాలలలో, ప్రత్యేక చికిత్సకు చేర్పబడిన 13,530 మంది నవజాత శిశువులను పరీక్షించి 2016లో వైద్యులు ప్రకటించిన వృత్తాంతము చదువువారి హృదయమును కలచివేయును. ఆ శిశువుల రక్తమున దొరకిన అసినెటోబాక్టర్ క్రిములలో నూటికి 82, క్లెబ్సియెల్లా క్రిములలో నూటికి 54 పలు తెగల మందులకు లొంగనివి. పుట్టి వారము తిరుగని శిశువునకు ఏ మందు ఈయవలెనో తెలియక వైద్యుడు నిలుచుట యెంత దుస్సహము! ఇట్టి స్థితిలో శీఘ్రముగా నిజము తెలుపు పరీక్షను కోరుట విలాసము కాదు, అవసరము.

నూతన పరీక్షల మూలసూత్రము సులభమైనదే. ప్రతి సూక్ష్మజీవికిని దానికి మాత్రమే చెందిన జన్యులిపి యొకటి కలదు. ఆ లిపిలోని చిన్న భాగమును పట్టి, ఒకటి రెండుగా, రెండు నాలుగుగా, గంటలోపల కోట్లకొలది ప్రతులుగా పెంచు పద్ధతిని 1983లో అమెరికా శాస్త్రజ్ఞుడు కేరీ మల్లిస్ కనిపెట్టెను. అందులకు 1993లో ఆయనకు రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. పి.సి.ఆర్. అను ఆ పేరు 2020 నాటి కరోనా మహామారి మూలమున మన పల్లెలకు సైతము సుపరిచితమైనది. రక్తదోషమును కనుగొనుటకు ఈ పద్ధతిని రెండు విధముల వాడుచున్నారు. రోగి రక్తమునందే నేరుగ సూక్ష్మజీవి జన్యుపదార్థమును వెదకుట మొదటిది. కల్చరు బుడ్డిలో ఏదో పెరుగుచున్నదని యంత్రము సూచించిన పిమ్మట ఆ బుడ్డిలోని ద్రవమును పరీక్షించుట రెండవది. ఈ రెండింటి చరిత్రయు వేఱు వేఱు. దీనిని గుర్తింపక ఒకదాని గొప్పను మఱియొకదానికి అంటగట్టి మాటలాడుట పెక్కు పొరపాట్లకు మూలమగుచున్నది.

మొదటి విధము మిక్కిలి మనోహరమైనది. మొలక కొఱకు వేచియుండ నక్కఱలేదు. మందు పడిన పిమ్మట చచ్చిన సూక్ష్మజీవి జాడయు దొరకవచ్చును. కాని యిచ్చటనే చిక్కు. కొలదిపాటి రక్తమున రోగి సొంత జన్యుపదార్థము కొండంత, సూక్ష్మజీవిది ఆవగింజంత. ఆవగింజ దొరకనంతమాత్రమున లేదనుటకు వీలులేదు. దొరకినను, అది ప్రాణముతో నున్న శత్రువుదో, చచ్చినదాని శేషమో, చర్మమునుండి వచ్చిన మాలిన్యమో నిశ్చయించుట కష్టము. సెప్టిఫాస్ట్ అను ఇట్టి పరీక్షను ఇంగ్లండులో తీవ్రరోగుల చికిత్సాశాలలలోని 922 రోగసందర్భములయందు పరిశీలించి 2015లో ఫలితములను ప్రకటించిరి. కల్చరులో సూక్ష్మజీవి మొలచిన సందర్భములలో సగమును మాత్రమే ఈ పరీక్ష పట్టినది; కల్చరు లేదన్న నూఱింటిలో 14 చోట్ల ఉన్నదన్నది. ఆ సంవత్సరముననే ఐరోపాలోని 529 మంది రోగులయందు ఐరిడికా అను వేఱొక పరీక్షను పరిశీలింపగా, కల్చరు నూటికి 11 నమూనాలలో మాత్రమే సూక్ష్మజీవిని చూపగా ఈ పరీక్ష 37 నమూనాలలో చూపినది. ఆ యెక్కువ చూపినవానిలో ఎన్ని సత్యములో, ఎన్ని భ్రమలో రూఢిగా చెప్పుట కష్టమయ్యెను. 2016లో బ్రిటిష్ ఆరోగ్యశాఖకు సలహానిచ్చు నైస్ అను సంస్థ ఈ పరీక్షలను విచారించి, ఇవి ఆశాజనకములేగాని నిత్యవ్యవహారమున వాడుటకు తగిన ప్రమాణములు చాలవని తేల్చెను. మఱుసటి యేడు ఐరిడికా విపణినుండి తొలగింపబడినది. తరువాత వచ్చిన టీ2 అను పరీక్ష, 1,427 మందిని పరీక్షించి 2019లో ప్రకటించిన వృత్తాంతము ప్రకారము, తాను గుర్తింపగల కొలది రకముల బాక్టీరియాల విషయమున నూటికి 90 పాళ్లు కల్చరుతో నేకీభవించినది. మెఱుగుదల కలదు, కాని ఆ పట్టికలో లేని సూక్ష్మజీవిని అది గుర్తింపజాలదు.

రెండవ విధము తక్కువ మనోహరమైనది, ఎక్కువ నమ్మకమైనది. బుడ్డిలో సూక్ష్మజీవులు అప్పటికే కోట్లకొలది పెరిగియుండును గనుక ఆవగింజ చిక్కు లేదు. అమెరికాలోని మేయో వైద్యశాలయందు 617 మంది రోగులను మూడు వర్గములుగా విభజించి చేసిన పరీక్షను 2015లో ప్రకటించిరి. ఒక వర్గమునకు పాత పద్ధతి. ఒక వర్గమునకు నూతన యంత్రము మాత్రము. మూడవ వర్గమునకు నూతన యంత్రముతోబాటు, ఫలితము వచ్చిన వెంటనే చికిత్స చేయు వైద్యునితో మాటలాడి మందు మార్పింపగల నిపుణుల సాయము. పాత పద్ధతిని 22 గంటలకు తేలిన పేరు యంత్రముచే గంటన్నరలోపలనే తేలినది. కాని అక్కఱలేని బలమైన మందును తగ్గించుటకు పట్టిన కాలమును చూడుడు. పాత పద్ధతిలో 34 గంటలు. యంత్రము మాత్రమున్నచోట 38 గంటలు. యంత్రముతో నిపుణులు కూడ నున్నచోట 21 గంటలు. అనగా నిపుణుని తోడులేని యంత్రము ఈ విషయమున రోగికి ఒక్క గంటయైనను కలిసివచ్చునట్లు చేయలేదు. మూడు వర్గములలోను మరణముల సంఖ్యలో భేదము కనబడలేదనికూడ ఆ పరిశోధకులు దాపఱికము లేకుండ తెలిపిరి.

2017లో 31 పరిశోధనలను, 5,920 మంది రోగుల వృత్తాంతమును ఒక్కచోట చేర్చి చూచినప్పుడు ఈ సత్యము మఱింత స్ఫుటమైనది. శీఘ్రపరీక్షలతోబాటు యాంటిబయాటిక్ మందుల వినియోగమును పర్యవేక్షించు నిపుణసంఘము ఉన్న వైద్యశాలలలో మరణములు తగ్గినవి. అట్టి సంఘము లేనిచోట తగ్గినవని నిశ్చయముగా చెప్పుటకు వీలుకాలేదు. దీని భావము సుస్పష్టము. యంత్రము వార్తాహరుడు మాత్రమే. వార్త చేరవలసిన చెవియు, ఆజ్ఞ యీయవలసిన నోరును, మందు నెక్కింపవలసిన చేయియు మేలుకొని యుండవలెను. అవి నిద్రించుచుండగా వార్తాహరుడు గుఱ్ఱమెక్కి వచ్చిననేమి, కాలినడకను వచ్చిననేమి?

ఈ దృష్టితో మన జిల్లా వైద్యశాలలను చూచుకొందము. రాత్రి పదిగంటలకు రోగి వచ్చును. బుడ్డి లేనియెడల రక్తము తీయరు. బుడ్డియుండి రక్తము తీసినను లాబొరేటరీ తలుపు తాళము వేసియున్నచో అది ఉదయము వఱకు బల్లమీద నుండును. మఱునాటి రాత్రి యంత్రము సూచన చేసినను చూచువారు లేనిచో మఱియొక ఉదయము రావలెను. వర్ణము వేసి చూచినవారు వార్డునకు ఫోను చేయక కాగితము వ్రాసి పెట్టెలో నుంచినచో అది డ్యూటీ వైద్యుని చేతికి సాయంకాలము చేరును. ఆ వైద్యుడు చిన్నవాడు. పెద్ద వైద్యుడు రానిదే మందు మార్చుటకు జంకును. ఇట్లు జరుగునెడల, ఒక్క గంటలో ఫలితమిచ్చు యంత్రమును లక్షలు పోసి తెచ్చి నడుమ నిలిపినను, పోవు ముప్పది గంటలలో అది రక్షింపగలిగినది ఎంత? మిగిలినది యంత్రముది కాదు. తాళముది, బల్లది, పెట్టెది. ఆ గంటలను మిగుల్చుటకు విదేశీయ యంత్రము అక్కఱలేదు. రాత్రిపూట పనిచేయు ఇరువురు టెక్నీషియన్లును, ఒక టెలిఫోనును, ఒక స్పష్టమైన ఉత్తరువును చాలును.

అట్లయిన నూతన పరీక్షలు మనకు వలదా? వలదనుట మా యుద్దేశము కాదు. ఒక విషయమున అవి పాశ్చాత్యదేశములకంటె మనకే యెక్కువ యుపయోగపడవచ్చును. కార్బాపెనెమ్ తెగ మందులను నిరర్థకము చేయు జీనులు మన వైద్యశాలలలోని సూక్ష్మజీవులయందు విస్తారముగ వ్యాపించియున్నవి. వానిలో నొకటగు ఎన్.డి.ఎం. అను దానికి మన రాజధాని పేరే తగిలించిరి. ఏ జీను ఉన్నదో తెలిసినచో మందు మాఱును. సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ అను ఖరీదైన మందు ఓ.ఎక్స్.ఏ.-48 అను జీనుగల క్రిములపై పనిచేయును, ఎన్.డి.ఎం. ఉన్నచో ఆ మందొక్కటే పనిచేయదు, అజ్ట్రియోనామ్‌ను జతపఱుపవలెను. ఈ భేదమును రెండు దినములు ముందుగ తెలుపగల పరీక్ష రోగిని రక్షింపగలదు; నిష్ప్రయోజనమైన సీసాలకు పోయు ధనమును మిగుల్పగలదు. కాని జీను కనబడలేదన్న మాటను మందు పనిచేయునన్న హామీగా తలపరాదు. జీనుతో సంబంధము లేకయే మందును లోనికి రానీయని, వచ్చినదానిని వెలికి గెంటు సూక్ష్మజీవులును కలవు. కావున కల్చరును త్రోసిపుచ్చి జన్యుపరీక్ష రాజాలదు. కల్చరు పునాది; జన్యుపరీక్ష మీది యంతస్తు. పునాది త్రవ్వకయే మేడ కట్టబూనువారి తెలివిని ఏమనవలెను?

ఇంకొక హెచ్చరికయు అవసరము. ఈ పరీక్షల పట్టికలు అధికముగ ఇతరదేశముల రోగులను దృష్టియం దుంచుకొని కూర్పబడినవి. మన ప్రాంతమున తీవ్రజ్వరముతో, పడిపోయిన రక్తపుపోటుతో వచ్చు రోగికి స్క్రబ్ టైఫస్ కావచ్చును, మలేరియా కావచ్చును, డెంగూ కావచ్చును, ఎలుకల మూత్రముచే సంక్రమించు లెప్టోస్పైరోసిస్ కావచ్చును. వీనిలో స్క్రబ్ టైఫస్ క్రిమి సాధారణ కల్చరు బుడ్డిలో మొలవదు. కల్చరు బుడ్డిని పరీక్షించు జన్యుపరీక్షల పట్టికలలోను దానికి స్థానము లేదు. దానికి తగిన మందో, చవుకయైన డాక్సీసైక్లిన్! "యంత్రము ఏమియు లేదన్నది" అని ఆ చవుకమందును మఱచినచో పొలముపనికి పోయి పురుగుకాటు తిన్న రైతు ప్రాణము పోవును. కావున పరదేశముల లెక్కలను తలపై పెట్టుకొనక, మన రోగులయందు, మన వైద్యశాలలయందు ఈ పరీక్షలను పరీక్షింపవలెను. అది మనవారికి సాధ్యమా యని సంశయింప నక్కఱలేదు. ఆ స్క్రబ్ టైఫస్ విషయముననే మన దేశమునందలి యేడు కేంద్రముల వైద్యులు 794 మంది తీవ్రరోగులను పరిశీలించి, డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండును కలిపి యిచ్చుట ఏ యొక్కటి యిచ్చుటకంటెను మేలని 2023లో నిరూపించిరి. ప్రపంచము ఆ నిర్ణయమును గౌరవించినది.

బీదదేశమునకు ఇంతటి పరీక్షలు ఏల యని కొందఱనవచ్చును. వారికి 2020వ సంవత్సరమును జ్ఞప్తిచేయుదుము. ఆ జనవరిలో కరోనాను నిర్ణయింపగలిగినది పుణేలోని జాతీయ పరిశోధనాలయ మొక్కటియే; సంవత్సరము ముగియునప్పటికి అట్టి లాబొరేటరీలు 2 వేలకు మించినవి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ద్రవములు లేకుండ పొడి పుల్లతోనే నమూనాను పంపి పరీక్షించు చవుకయైన పద్ధతిని రూపొందింపగా ఆ నవంబరులో అనుమతి లభించినది. గోవాలో తయారైన ట్రూనాట్ అను బ్యాటరీయంత్రమును క్షయవ్యాధి నిర్ణయమునకు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లోనే ఆమోదించినది. కావున యంత్రములు నడుపనేర్చిన చేతులు మనకు కలవు. యంత్రములను నిర్మింపనేర్చిన బుద్ధియు కలదు. మహామారి తగ్గిన పిమ్మట ఆ నేర్పును, ఆ పరికరములను మూలబడనిచ్చుట దేశద్రవ్యమును బూడిదలో పోయుటయే. రక్తదోష నిర్ణయమునకు మన సూక్ష్మజీవులకు, మన జీనులకు తగిన చవుకపరీక్షను నిర్మింపుడని మన శాస్త్రజ్ఞులకు ప్రభుత్వములు పని యొప్పగింపవలెను.

ధనమును గుఱించి ఒక మాట. తీవ్రచికిత్సాశాలలో ఒక్కొక్క దినమునకు అగు ఖర్చు ఎట్టిదో మధ్యతరగతి కుటుంబములకు తెలియును. మొదటి వారమున నగలు, రెండవ వారమున అప్పు, మూడవ వారమున ఎకరము. ఇట్టి కుటుంబము ఎదుట "కొత్త పరీక్ష వచ్చినది, వ్రాయమందురా?" అని అడుగుట ప్రశ్న కాదు, శాసనమే. కాదనగల గుండె ఎవరికుండును? ఫలితము చికిత్సను మార్చునదైనచో ఆ ఖర్చు సార్థకము. ఫలితము వచ్చిన పిమ్మటకూడ ఆ మూడు మందులే, ఆ మోతాదులోనే సాగుచున్నచో అది పరీక్ష కాదు, పన్ను. పరీక్ష వ్రాయు వైద్యుడు "ఈ ఫలితమువలన ఏ మందు మారును, ఏ మందు ఆగును" అని ముందే రోగిబంధువులకు చెప్పు ఆచారము ఏర్పడవలెను. చెప్పుటకు ఏమియు లేనిచో వ్రాయుటయు మానవలెను.

కావున ప్రభుత్వములు చేయవలసిన పనులను మేము ఈ వరుసను సూచించుచున్నాము. మొదటిది: ప్రతి జిల్లా వైద్యశాలయందును కల్చరు బుడ్లు కొఱత లేకుండ నుండవలెను, లాబొరేటరీ రాత్రింబవళ్లు పనిచేయవలెను, మందునకు ముందు రక్తము తీయుట నియమము కావలెను, ఆ నెపమున మందు ఆలస్యము కారాదు. రెండవది: బుడ్డిలో సూక్ష్మజీవి కనబడిన గంటలోపల వార్డు వైద్యునికి నోటితో తెలియజేయు బాధ్యత ఒక మనిషికి పేరుపెట్టి అప్పగింపవలెను. మూడవది: యాంటిబయాటిక్ పర్యవేక్షణకు సూక్ష్మజీవిశాస్త్రవేత్త, వైద్యుడు, ఔషధనిపుణుడు కలిసిన సంఘమును నెలకొల్పి, మందు మార్చుటకును ఆపుటకును దానికి అధికారమీయవలెను. నాలుగవది: ఈ మూడును కుదిరిన పెద్ద వైద్యశాలలలో, బుడ్డినుండి చేయు జన్యుపరీక్షను మొదట తీవ్రరోగులకును నవజాత శిశువులకును ప్రవేశపెట్టి, ఫలితములను మంచివైనను చెడ్డవైనను లోకమునకు ప్రకటింపవలెను. ఐదవది: 2007లో ఆరోగ్యశ్రీతో ఆరంభమైన ప్రభుత్వ చికిత్సాపథకముల చెల్లింపులలో కల్చరునకు ప్రత్యేక స్థానమిచ్చి, అది లేక బలమైన యాంటిబయాటిక్‌లు దినములకొలది వాడినచోట సంజాయిషీ యడుగవలెను.

ప్రభుత్వములను చెప్పి ప్రజలను విడుచుట న్యాయము కాదు. కొన్ని ముఖ్యమైన యాంటిబయాటిక్‌లను వైద్యుని చీటీ లేక అమ్మరాదని, అమ్మినవానికి లెక్క వ్రాయవలెనని 2014 మార్చి 1వ తేదీనుండి నిబంధన అమలులో నున్నది. దుకాణదారుని బ్రతిమాలి ఆ నిబంధనను చెల్లకుండ చేయుచున్నవారము మనమే. మన పట్టణములలోని దాతలు వైద్యశాలకు గది కట్టించి చలువరాతిపై పేరు చెక్కింతురు. ఆ దాతృత్వము కొనియాడదగినదే. కాని ఒక సంవత్సరమునకు కావలసిన కల్చరు బుడ్లను, ఒక రాత్రి టెక్నీషియను జీతమును ఇచ్చు దాత, పేరు చెక్కిన రాయి లేకున్నను, అంతకంటె నెక్కువ ప్రాణములను నిలుపును. వైద్యశాలల అభివృద్ధి సంఘములలో కూర్చుండు పెద్దలు రంగులు, ప్రహరీలు, ద్వారములను గుఱించి చర్చించు సభలో ఒక్క ప్రశ్న అడుగుదురు గాక: "నిన్న రాత్రి వచ్చిన రోగి రక్తమును ఎప్పుడు తీసితిరి, ఫలితము ఎప్పుడు చెప్పితిరి?" ఈ ప్రశ్నను నెలకొకమాఱు అడుగువారున్నచో సమాధానము తనంతట తానే మెఱుగగును.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునకు అధ్యక్షులైయుండగా, వారి ఆధ్వర్యవమున జరిగిన కృషివలన ఆరియోమైసిన్ అను యాంటిబయాటిక్ 1948లో లోకమునకు అందినది. డాక్సీసైక్లిన్ సైతము ఆ ఔషధకుటుంబములోనిదే. అట్టి మందును లోకమునకిచ్చుటలో పాలుగొన్న తెలుగువాని స్వదేశముననే మందులు మొక్కవోవుట మనకు తలవంపు. శీఘ్రపరీక్షలు ఆ మందుల పదును నిలుపుటకు సాధనములు. సాధనమును ఆభరణముగ గాక సాధనముగనే తెచ్చుకొనుట వివేకము. ముందు తాళము తీయుడు. పిమ్మట యంత్రమును తెండు. ఈ క్రమమును పాటించినచో రక్తదోషముతో రాత్రివేళ వైద్యశాల మెట్లెక్కు రోగి మఱునాటి సూర్యోదయమును చూచు నవకాశము హెచ్చును. అందులకై అధికారులును, వైద్యులును, పౌరులును జాగు సేయక పూనుకొందురని ఆశించుచున్నాము.